నోటిఫికేషన్ వచ్చేలోపు ఓ హత్య కేసు ఛేదిద్దామా?

ప్రిపరేషన్ మధ్యలో చదవదగ్గ క్రైమ్, మిస్టరీ నవలలు.. వాటి నుంచి నేను నేర్చుకున్న ఒక ఖరీదైన పాఠం

జిల్లా గ్రంథాలయం రీడింగ్ హాల్‌లోకి ఓసారి తొంగి చూడండి. నిజామాబాద్‌లో అయినా, బోధన్‌లో అయినా సీన్ ఒకటే. ఒక్కో కుర్చీ ముందు ఒక్కో గుట్ట. గ్రూప్స్ వాళ్లది ఒక గుట్ట, డీఎస్సీ వాళ్లది ఇంకో గుట్ట, ఎస్సై, బ్యాంకు పరీక్షల వాళ్లది మరో గుట్ట. టిఫిన్ డబ్బా, వాటర్ బాటిల్, మధ్యలో ఒక నోట్‌బుక్. అదే హాల్‌లో గోడ పక్కన నవలల బీరువాలు ఉంటాయి. వాటి వైపు ఎవరూ చూడరు. చూస్తే పక్కవాడు ఏమనుకుంటాడోనని భయం. 'ఇంట్లో నాయిన కష్టపడి పంపిస్తుంటే వీడు నవలలు చదువుతున్నడు' అని.

నేనూ ఆ హాల్‌లో కూర్చున్నవాణ్ణే. 2019లో బీటెక్ అయ్యింది. బోధన్ దగ్గర ఊరు, చెరకు రైతు కుటుంబం. ఇప్పుడు ఐటీ ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ టైంలో టెక్నాలజీ మీద బ్లాగ్ రాస్తున్నా. ఈసారి మాత్రం కోడింగ్ గురించి, రెజ్యుమె గురించి కాకుండా ఆ బీరువా గురించి చెప్తా. అందులో ఒక అర మీ ప్రిపరేషన్‌కు, ఆ మాటకొస్తే మీ జేబుకు కూడా పనికొస్తుంది. అది క్రైమ్, మిస్టరీ నవలల అర.

నాకు ఆ అర పనికొచ్చిన కథతోనే మొదలుపెడతా.

48 వేల లెక్క

బీటెక్ అయ్యాక అందరిలాగే అమీర్‌పేట హాస్టల్‌లో దిగాను. పొద్దున కోర్సు, మధ్యాహ్నం నుంచి జాబ్ పోర్టళ్లు. ఒకరోజు ఫోన్ ఇంటర్వ్యూ అన్నారు. ఏడు నిమిషాలు మాట్లాడారు. రెండు రోజుల్లో 'సెలెక్ట్ అయ్యారు' అని మెయిల్. పేరున్న కంపెనీ లోగో, సంతకం, ముద్ర అన్నీ ఉన్నాయి. 'రిజిస్ట్రేషన్'కు 3,500 రూపాయలన్నారు. కట్టేశాను. వారానికి ఆఫర్ లెటర్ వచ్చింది. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ బాండ్ కలిపి 48 వేలు కట్టాలి, ఆరు నెలల తర్వాత తిరిగి ఇస్తాం అని రాశారు.

ఇంటికి ఫోన్ చేశాను. నాయిన ఒకటే మాట అన్నాడు. ''కొలువు వస్తదంటే కట్టేద్దాం బిడ్డా. చెరకు పైసలు ఉన్నయ్ గద.''

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషంతోనే. అంతకుముందు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 80 రూపాయలకు కొన్న ఒక నవల చేతిలో ఉంది. అందులో ఒక లెక్కల మాస్టారు పరీక్ష పేపర్ తయారుచేసే పద్ధతి గురించి ఉంటుంది. చూడ్డానికి జామెట్రీ ప్రశ్నలా కనిపిస్తుంది, నిజానికి అది ఆల్జీబ్రా ప్రశ్న. బట్టీ పట్టినవాడు బొమ్మ చూసి జామెట్రీ సూత్రాలు వెతుకుతాడు, ఇరుక్కుపోతాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. మనసులో ఒకటే ప్రశ్న. నా చేతిలో ఉన్నది ఏ లెక్క? ఉద్యోగం ఇచ్చే లెక్కలా కనిపిస్తోంది. కానీ ఇప్పటిదాకా డబ్బు నా దగ్గర్నుంచి వాళ్లకే పోయింది తప్ప, వాళ్ల దగ్గర్నుంచి నాకు ఏమీ రాలేదు.

అర్ధరాత్రి దాటాక ఫోన్‌లోనే తవ్వడం మొదలుపెట్టాను. మెయిల్ అడ్రస్‌లో కంపెనీ పేరు మధ్య ఒక అడ్డగీత ఉంది. అసలు కంపెనీ వెబ్‌సైట్ పేరులో ఆ గీత లేదు. ఆ గీత ఉన్న డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో వెతికితే, సరిగ్గా 19 రోజుల క్రితం. ఆఫర్ లెటర్ మీద తేదీ చూస్తే ఆదివారం. డబ్బు వేయమన్న ఖాతా కంపెనీ పేరు మీద కాదు, ఒక మనిషి పేరు మీద ఉంది. ఇవన్నీ వారం రోజులుగా నా కళ్లముందే ఉన్నాయి. చదివాను, కానీ చూడలేదు.

48 వేలు మిగిలాయి. 3,500 పోయాయి. ఈ కథలో ఇంకో ముక్క ఉంది. అది చివర్లో చెప్తా. ముందు పుస్తకాల సంగతి.

ఇంజినీర్ రాసిన హత్య

నన్ను ఆపిన నవల 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్'. రాసింది జపాన్ రచయిత కీగో హిగాషినో. జపనీస్‌లో 2005లో వచ్చింది, అక్కడ పేరున్న నవోకి ప్రైజ్ గెలిచింది. ఇంగ్లిష్‌లో 2011లో వచ్చింది.

కథలో హంతకులెవరో మొదట్లోనే మనకు తెలిసిపోతుంది. కూతురితో ఉంటున్న ఒక ఒంటరి తల్లి. వేధించే మాజీ భర్త ఇంటికొచ్చి గొడవపడతాడు, ఆ గొడవలో చనిపోతాడు. పక్క ఫ్లాట్‌లో ఉండే లెక్కల మాస్టారు ఇషిగామి తలుపు తట్టి, నేను చూసుకుంటానంటాడు. అటువైపు పోలీసులకు సాయంగా ఆయన కాలేజీ స్నేహితుడే, ఫిజిక్స్ ప్రొఫెసర్ యుకావా. 'ఎవరు చంపారు' అని కాదు, 'నన్ను ఎక్కడ బోల్తా కొట్టిస్తున్నారు' అని మీరు పేజీలు తిప్పుతారు. 'దృశ్యం'లో వెంకటేశ్ అల్లిన కథ నచ్చినవాళ్లకు ఇది ఇంకా నచ్చుతుంది. దీని ఆధారంగా 2023లో హిందీలో 'జానే జాన్' సినిమా వచ్చింది. దయచేసి ముందు పుస్తకం చదవండి. సినిమా చూస్తే చివరి మలుపు తెలిసిపోతుంది.

మన ఇంజినీరింగ్ వాళ్లకు నచ్చే సంగతి ఇంకోటి. హిగాషినో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. వాహన విడిభాగాల సంస్థ నిప్పన్ డెన్సోలో ఇంజినీర్‌గా పనిచేశారు. ఉద్యోగం చేస్తూనే నవలలు రాసి పోటీలకు పంపారు. 1985లో ఎడొగావా రాంపో ప్రైజ్ వచ్చాకే ఉద్యోగం మానేసి పూర్తికాలం రచయిత అయ్యారు. వాక్యాలు చిన్నవి, ఇంగ్లిష్ సులువు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు మొదటి ఇంగ్లిష్ నవలగా దీన్ని పట్టుకోవచ్చు. ఇది నచ్చితే ఆయనదే 'మాలిస్' చదవండి. అందులో ఎవరు చేశారో త్వరగానే తేలిపోతుంది. ఎందుకు చేశారన్నదే మిగిలిన పుస్తకమంతా.

అమ్మ చదివిన యుగంధర్

క్రైమ్ నవల అంటే ఇంగ్లిషే అనుకోవద్దు. మా అమ్మ పదో తరగతితో చదువు ఆపేసింది. కానీ ఆమె చదివినన్ని డిటెక్టివ్ నవలలు నేను ఇప్పటికీ చదవలేదు. అద్దె పుస్తకాల షాపుల కాలం అది. రోజుకింత అని ఇచ్చి తెచ్చుకుని, తెల్లారేలోపు ముగించి, పక్కింటి అక్కకు ఇచ్చి, మళ్లీ షాపుకు చేర్చేవాళ్లట. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఆమెకు చుట్టాల్లాంటి వాళ్లు. తర్వాతి తరానికి మధుబాబు 'షాడో' అలాగే దగ్గరయ్యాడు.

మీరు తెలుగులో మొదలుపెట్టాలంటే నా లిస్టులో రెండున్నాయి.

యండమూరి వీరేంద్రనాథ్ 'అభిలాష': హీరో ఒక కుర్ర లాయర్. ఉరిశిక్ష ఉండకూడదన్నది అతని పట్టుదల. నిర్దోషికి కూడా ఉరి పడొచ్చని రుజువు చేయడానికి తానే ఒక హత్య కేసులో ఇరుక్కునేలా పథకం వేస్తాడు. పథకం దారి తప్పుతుంది. 1983లో చిరంజీవితో సినిమాగా వచ్చింది. ఎస్సై, గ్రూప్స్ వాళ్లకు ఒక చిన్న కొసరు. కథలో మాటిమాటికీ వచ్చే ఐపీసీ 302 ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది కాబట్టి హత్యకు శిక్ష చెప్పేది సెక్షన్ 103. మనందరికీ తెలిసిన '420' కూడా ఇప్పుడు 318లో ఉంది. చదువుతూ పక్కన కొత్త సెక్షన్లు రాసుకోండి, రివిజన్ అయిపోతుంది.

మల్లాది వెంకట కృష్ణమూర్తి 'చంటబ్బాయ్': ఇది నవ్వుల డిటెక్టివ్. 1986లో జంధ్యాల సినిమాగా తీశారు. సీరియస్ పుస్తకాలకు ముందు వామప్‌లాగా బాగుంటుంది. మల్లాది సస్పెన్స్ నవలలు ఇంకా చాలా ఉన్నాయి. దొరికింది దొరికినట్టు చదవచ్చు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ కాలం నాటి పాపులర్ నవలల్లో ఆడవాళ్ల గురించి రాసిన తీరు కొన్నిచోట్ల ఇవాళ చదివితే ఇబ్బందిగా ఉంటుంది. కథ పట్టును మెచ్చుకుంటూనే అది కూడా గమనించండి. క్రైమ్ నవల మీకు నేర్పేదే అది కదా, చెప్పిందల్లా తలూపి ఒప్పుకోకపోవడం.

మన దేశం, మన నగరాలు, మన కేసులు

గత పదిహేనేళ్లలో మన దేశం నేపథ్యంగా ఇంగ్లిష్‌లో మంచి క్రైమ్ నవలలు వచ్చాయి. ఉద్యోగం కోసం బెంగళూరో, ముంబయో వెళ్లబోతున్న వాళ్లు ముందు ఈ పుస్తకాల్లో ఆ నగరాలు తిరిగి రావచ్చు.

అనితా నాయర్ 'కట్ లైక్ వూండ్': బెంగళూరు, రంజాన్ నెల మొదటి రోజు. హత్యలు మొదలవుతాయి. ఇన్‌స్పెక్టర్ బోరెయ్ గౌడ నడివయసు మనిషి. బుల్లెట్ బండి నడుపుతాడు, డిపార్ట్‌మెంట్‌లో పక్కన పెట్టేసినవాడు. ఐటీ పార్కుల అద్దాల వెనక ఉన్న బెంగళూరు కనిపిస్తుంది. దీని తర్వాత వచ్చిన 'చైన్ ఆఫ్ కస్టడీ' పిల్లల అక్రమ రవాణా మీద. రెండూ కాస్త గుండె గట్టివాళ్ల కోసం.

హరిణి నాగేంద్ర 'ది బెంగళూర్ డిటెక్టివ్స్ క్లబ్': అదే బెంగళూరు, కానీ 1921. పందొమ్మిదేళ్ల కావేరి కొత్తగా పెళ్లై వస్తుంది. లెక్కలంటే ప్రాణం, కానీ కోడలు లెక్కలు చేస్తే ఎలా అన్న కాలం. ఒక హత్య ఆమె బుర్రకు పని పెడుతుంది. రచయిత్రి స్వయంగా పర్యావరణ శాస్త్రం ప్రొఫెసర్. హింస తక్కువ, చదవడం హాయి. ఇంట్లో చెల్లెలికి, అమ్మకు కూడా ధైర్యంగా ఇవ్వొచ్చు.

సుజాతా మాసీ 'ఎ మర్డర్ ఆన్ మలబార్ హిల్': 1921 బొంబాయి. పర్వీన్ మిస్త్రీ అనే మహిళా లాయర్. పర్దాలో ఉండే ముగ్గురు భార్యలు, చనిపోయిన భర్త ఆస్తిలో తమకు రావాల్సింది వదులుకుంటున్నట్టు సంతకాలు పెడతారు. ఆ కాగితం చూసి పర్వీన్‌కు అనుమానం వస్తుంది. ఈ ఒక్క సీన్ కోసమైనా ఫ్రెషర్లు ఈ పుస్తకం చదవాలంటాను. రేపు మీ ముందు కూడా 'సర్వీస్ అగ్రిమెంట్' అనే కాగితం పెడతారు. ఎన్నేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా.. ఇవి చూడకుండా సంతకం పెట్టేవాళ్లు మనలో ఎంతమంది లేరు?

అబీర్ ముఖర్జీ 'ఎ రైజింగ్ మ్యాన్': 1919 ఏప్రిల్, కలకత్తా. ఒక బ్రిటిష్ అధికారి శవం సందులో దొరుకుతుంది, నోట్లో ఒక చీటీ కుక్కి ఉంటుంది. కేసు చేసేది ఇంగ్లండ్ నుంచి కొత్తగా దిగిన కెప్టెన్ విండమ్, అతని కింద సార్జెంట్ సురేంద్రనాథ్ బెనర్జీ. తెల్లవాళ్లకు ఆ పేరు నోరు తిరగక 'సరెండర్-నాట్' అని పిలుస్తారు. రౌలట్ చట్టం, జలియన్‌వాలా బాగ్ నెల అది. మీ ఆధునిక చరిత్ర నోట్స్‌లో రెండు లైన్లుగా ఉన్న విషయం ఇక్కడ వీధుల్లో నడుస్తుంది. రచయిత వృత్తిరీత్యా అకౌంటెంట్. కామర్స్ వాళ్లూ, మీరూ కాలర్ ఎగరేయొచ్చు.

దీపా అనప్పర 'జిన్ పెట్రోల్ ఆన్ ద పర్పుల్ లైన్': నా మటుకు ఈ జాబితాలో మనసును ఎక్కువ పట్టేసేది ఇదే. ఒక ఉత్తరాది నగరం బస్తీలో పిల్లలు ఒక్కొక్కరే కనిపించకుండా పోతుంటారు. పోలీసులు పట్టించుకోరు. టీవీలో క్రైమ్ షోలు చూసి డిటెక్టివ్ అయిపోదామనుకున్న తొమ్మిదేళ్ల జై, స్నేహితులు పరి, ఫైజ్‌తో కలిసి వెతకడం మొదలుపెడతాడు. మొదట్లో నవ్విస్తుంది. మెల్లమెల్లగా నవ్వు ఆగిపోతుంది. రచయిత్రి జర్నలిస్టుగా పనిచేసినామె. అమెరికాలో మిస్టరీ రచనలకు ఇచ్చే ఎడ్గర్ అవార్డు 2021లో ఉత్తమ నవలగా దీనికి దక్కింది.

బయటి దేశాల నుంచి మూడు

స్టీగ్ లార్సన్ 'ద గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ': స్వీడన్. దాదాపు నలభై ఏళ్ల క్రితం మాయమైన అమ్మాయి కేసు. ఒక జర్నలిస్టు, ఒక హ్యాకర్ కలిసి తవ్వుతారు. పాత ఫొటోలను వరుసగా పేర్చి ఆ రోజు ఏం జరిగిందో బయటకు లాగే తీరు డేటా అనలిటిక్స్ నేర్చుకునేవాళ్లకు ఒక క్లాసు. మొదటి వంద పేజీలు ఓపిక పట్టాలి. లైంగిక హింస సన్నివేశాలు తీవ్రంగా ఉంటాయి, ముందే చెప్తున్నా. రచయిత 2004లో చనిపోయారు. మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. ఆ పేరు చూసుకోవడానికి ఆయన లేరు.

గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012): పెళ్లి రోజున భార్య కనిపించకుండా పోతుంది. భర్త చెప్పేది ఒక కథ, భార్య డైరీ చెప్పేది ఇంకో కథ. టీవీ చానళ్లు తీర్పు ఇచ్చేస్తుంటాయి. ఒక వీడియో క్లిప్ చూసి వాట్సాప్ గ్రూపులో తీర్పులిచ్చే మన అలవాటుకు మంచి మందు.

ఆంథొనీ హొరొవిట్జ్ 'మాగ్‌పై మర్డర్స్' (2016): ఒక ఎడిటర్ డిటెక్టివ్ నవల రాతప్రతి చదువుతుంటుంది. చివరి అధ్యాయం ఉండదు. ఒక పుస్తకంలో రెండు హత్య కేసులు. పజిళ్లు, సీటింగ్ అరేంజ్‌మెంట్లు ఇష్టపడే బ్యాంకు పరీక్షల బ్యాచ్‌కు ఇది పండగ.

ఎలా చదవాలి?

ఇవి చదివితే మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. నాకు పనికొచ్చిన పద్ధతి మాత్రం చెప్తా.

- రోజుకు 20 పేజీలు చాలు. బోధన్ నుంచి నిజామాబాద్ బస్సులో వెళ్లొచ్చేలోపు అయిపోతాయి. పరీక్ష వారంలో మాత్రం ముట్టుకోవద్దు. మంచి మిస్టరీ మధ్యలో ఆపడం ఎవరివల్లా కాదు.

- చిన్న నోట్‌బుక్‌లో రెండు వరసలు గీయండి. ఒకవైపు 'ఎవరో చెప్పింది', రెండోవైపు 'నిజంగా రుజువైంది'. సగం పుస్తకం అయ్యేసరికి మొదటి వరస నిండిపోయి, రెండోది ఖాళీగా ఉంటుంది. ఆ తేడా అర్థమైతే సగం కేసు తేలినట్టే.

- మూడింట రెండొంతులు అయ్యాక ఆగి, నేరస్తుడు ఎవరో, ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి. తప్పయినా ఫర్వాలేదు. ఎక్కడ దారి తప్పామో తర్వాత వెనక్కి వెళ్లి చూడండి. మాక్ టెస్ట్ అనాలిసిస్ అంటే ఇదే కదా.

- ఇంగ్లిష్ పుస్తకమైతే ప్రతి మాటకూ డిక్షనరీ తీయొద్దు. ఒకే మాట మూడుసార్లు ఎదురైతే అప్పుడు చూడండి.

- పుస్తకం ముగిశాక, ముగింపు బయటపెట్టకుండా కథను రెండు నిమిషాల్లో గట్టిగా చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. రెజ్యుమెలో 'హాబీ: రీడింగ్' అని రాసి, 'చివరగా ఏం చదివారు?' అంటే తెల్లమొహం వేసే క్యాండిడేట్లలో మీరు ఉండరు.

ఉద్యోగంలోకి వచ్చాక కూడా ఈ అలవాటు వదల్లేదు నేను. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతుంది. అందర్నీ అడిగితే ఒకటే జవాబు, ''మేమేం మార్చలేదు.'' క్రైమ్ నవలల్లో అనుమానితులందరూ చెప్పే మాటే. అప్పుడు మనుషుల మాటలు పక్కనపెట్టి లాగ్‌లు తీస్తాం. చివరిసారి ఎవరు ముట్టుకున్నారు, ఏ నిమిషానికి, దానికి ముందు ఏం జరిగింది అని వరస పెడతాం. డీబగ్గింగ్ అంటే డిటెక్టివ్ పనే, శవం ఉండదంతే.

ఈ పిచ్చి ముదిరితే దాన్నే కెరీర్ చేసుకోవచ్చు కూడా. సైబర్ సెక్యూరిటీలో ఎస్ఓసీ అనలిస్ట్, డిజిటల్ ఫోరెన్సిక్స్, కామర్స్ వాళ్లకు ఫోరెన్సిక్ ఆడిటింగ్, సైన్స్ వాళ్లకు ఫోరెన్సిక్ ల్యాబ్ ఉద్యోగాలు ఉన్నాయి. గాంధీనగర్ కేంద్రంగా నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఈ కోర్సులే నడుపుతోంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మన రాష్ట్ర ఫోరెన్సిక్ సైన్స్ ల్యాబొరేటరీ ఉంది.

ఎక్కడ దొరుకుతాయి?

తెలుగు నవలలకు మొదట జిల్లా, శాఖా గ్రంథాలయాల్లో అడగండి. బీరువాలో లేకపోతే లైబ్రేరియన్‌ను అడిగి చూడండి. ఎవరూ అడగకపోతే కొత్తవి తెప్పించాలని వాళ్లకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఇంగ్లిష్‌వి సెకండ్ హ్యాండ్‌లో కొనండి. కోచింగ్ కోసం హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉండనే ఉంది. ఏటా శీతాకాలంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరుగుతుంది. నలుగురు ఫ్రెండ్స్ తలా ఒకటి కొని మార్చుకుంటే ఏడాదికి సరిపోతాయి. ఈ-బుక్ కొనేముందు ఫ్రీ శాంపిల్ చదవండి. మొదటి పది పేజీల్లో పట్టుకోకపోతే వదిలేయండి, మొహమాటం అక్కర్లేదు. పైరసీ పీడీఎఫ్‌ల జోలికి మాత్రం పోవద్దు. క్రైమ్ నవలను దొంగిలించి చదవడం మరీ అన్యాయం!

మన ఊరి మీద ఎవరూ రాయలేదేం?

టోక్యో, కలకత్తా, బెంగళూరు అన్నీ తిరిగొచ్చాక నాకు ఎప్పుడూ అనిపించేది ఇదే. మన దగ్గర కథలు లేవా? బోధన్‌నే భారతంలోని ఏకచక్రపురం అంటారు. బండెడు అన్నంతో పాటు ఇంటికొకరు చొప్పున బకాసురుడికి పోవాల్సిన ఊరు. వారానికొకరు మాయమవుతుంటే నోరు మెదపని ఊరంటే క్రైమ్ నవలకు అంతకన్నా మంచి మొదలు ఏముంటుంది? 1937 నాటి నిజాం చక్కెర కర్మాగారం ఉంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకొన్న ఆ ఫ్యాక్టరీలో 2015 డిసెంబర్ తర్వాత గానుగ తిరగలేదు. శక్కర్‌నగర్ పాత క్వార్టర్స్ వైపు సాయంత్రం పూట ఒకసారి నడిచి చూడండి. మూతపడ్డ ఫ్యాక్టరీ, ఖాళీ ఇళ్లు, ఏం జరిగిందంటే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పే జనం. 2017లో బోధన్‌లో బయటపడ్డ నకిలీ పన్ను చలాన్ల కేసు సీఐడీ దాకా పోయింది. కాగితాల్లో దాక్కున్న నేరాన్ని కాగితాలతోనే పట్టుకోవాలి. అకౌంటెంట్ హీరోగా ఒక నవల అందులోనే ఉంది.

మీలో ఎవరైనా రాస్తారేమోనని ఆశ. హిగాషినో కూడా డ్యూటీ దిగాకే రాసుకున్నాడు మరి.

చివరి అధ్యాయం

ఇప్పుడు దాచిపెట్టిన ముక్క చెప్తా.

అదే ఆఫర్ లెటర్ ఆ వారంలోనే నా రూమ్‌మేట్‌కు కూడా వచ్చింది. మా వైపు వాడే. ఇద్దరం ఒకే చోట అప్లై చేశాం. నేను రాత్రి ఒంటిగంటకు మోసం కనిపెట్టినప్పుడు వాడు పక్క మంచం మీదే నిద్రపోతున్నాడు. లేపాలనిపించింది. లేపలేదు. లేపితే నేను అప్పటికే 3,500 పోగొట్టుకున్న సంగతి కూడా చెప్పాలి. అది వాడికి చెప్పలేదు నేను. నన్ను చూసి నవ్వుతాడేమోనని సిగ్గు. రేపు సాయంత్రం మెల్లగా చెప్దాంలే అనుకున్నా. పొద్దున ఏడింటికి క్లాసుకు వెళ్లిపోయా.

వాడు పది గంటలకు డబ్బు కట్టేశాడు. వాళ్ల నాయిన వడ్లు అమ్మిన పైసలు. 48 వేలు.

సాయంత్రం చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగాడు. ''రాత్రే తెలుసా భై నీకు?''

పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం, కాగితం రాసిచ్చాం. ఇప్పటిలా వెంటనే ఫోన్ చేసి డబ్బు ఆపించడానికి 1930 లాంటి నంబర్ అప్పటికి లేదు. డబ్బు తిరిగి రాలేదు. వాడు తర్వాత కష్టపడి మంచి ఉద్యోగమే తెచ్చుకున్నాడు, ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

డిటెక్టివ్ నవలల చివర్లో ఒక సీన్ ఉంటుంది. డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, మొదటి నుంచి ఏం జరిగిందో చెప్తాడు. చిన్నప్పుడు అది హీరో గొప్ప చూపించుకోవడానికే అనుకునేవాణ్ణి. ఇప్పుడు వేరేలా అనిపిస్తుంది. కనిపెట్టినంత మాత్రాన కేసు పూర్తయినట్టు కాదు. తెలిసింది నలుగురికీ చెప్పాకే పూర్తవుతుంది. ఆ రాత్రి నేను సగమే చేశా.

అందుకే ఆ గది ఇదే అనుకుని చెప్తున్నా. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు అడగదు. రిజిస్ట్రేషన్ అన్నా, డిపాజిట్ అన్నా, పేరేదైనా సరే. మెయిల్ అడ్రస్‌లో ప్రతి అక్షరం చూడండి. డొమైన్ ఎప్పుడు పుట్టిందో వెతకండి. కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేయండి, మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు కాదు. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక్కటి. మీకు ఏదైనా తేడాగా కనిపిస్తే, పక్క మంచం మీద నిద్రపోతున్నవాణ్ణి అప్పుడే లేపండి. రేపు సాయంత్రం దాకా ఆగొద్దు.